అన్నం పళ్లెం ముందు ఫోన్ తీసేయండి

వీడియో నడుస్తుంటేనే ముద్ద దిగుతుంది. ఆగిందా, నోరు మూతపడుతుంది. ఏడాది నిండిన పసివాళ్ల నుంచి బడికెళ్లే పిల్లల దాకా ఇవాళ ఎన్నో ఇళ్లలో ఇదే తంతు. పెళ్లి భోజనాల దగ్గర చూడండి, హోటల్లో చూడండి, రైల్లో చూడండి. తల్లులను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఉద్యోగం, వంట, ఇంటిపని అన్నీ ఒక్క మనిషి మీద పడ్డాక, ఎలాగోలా బిడ్డ కడుపు నిండితే చాలనిపిస్తుంది. కానీ ఈ అలవాటు వెనకే వస్తున్న ముప్పు చిన్నది కాదు. కాస్త ఆలకించండి.

ఆకలేస్తే అడగడం, కడుపు నిండితే తల తిప్పుకోవడం ఏ బిడ్డకూ ఎవరూ నేర్పరు. తెర మీద బొమ్మలు ఆడుతుంటే ఆ ఎరుక పనిచేయదు. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో వాడికే తెలియదు. నమలడు, మింగేస్తాడు. అది చూసి మనం అన్నీ మిక్సీలో వేసి మెత్తగా చేసి పెడతాం. చివరికి మూడేళ్లొచ్చినా కూరముక్క నోటికి తగిలితే ఉమ్మేస్తాడు. ధ్యాస తెర మీద ఉన్నప్పుడు ముద్ద గొంతుకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది.

రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, ఐదేళ్లలోపు వారికి రోజు మొత్తం మీద గంట మించకూడదని మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే. లెక్క వేయండి. పూటకు ముప్పావుగంట ఫోన్ పట్టుకుని తినిపిస్తే ఆ గంట మధ్యాహ్న భోజనానికే దాటిపోతుంది.

ఇక్కడితో ఆగితే ఇంత కంగారు ఉండదు. అన్నం సరిగా తినని పిల్లకు గంటకే ఆకలి. వీధి చివరి కొట్టు ముందు ఐదు రూపాయల ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. తాతయ్య జేబులో చిల్లర ఉంటుంది. ఉప్పు, నూనె, చక్కెర మరిగిన నాలుకకు పప్పన్నం చప్పగా ఉంటుంది. అప్పుడు మళ్లీ ఫోన్ తీయాల్సిందే.

బిడ్డ బొద్దుగా ఉంటే బాగా తింటున్నట్టేనని మురిసిపోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. బుగ్గలు నిండుగా ఉన్న పిల్లల్లోనూ రక్తం తక్కువగా ఉండొచ్చు. అన్నం బదులు రోజంతా పాలసీసా ఇచ్చినా, పెద్దవాళ్లతో పాటు టీ పోసినా ఒంటికి ఇనుము సరిగా పట్టదు.

డబ్బాల్లో వచ్చే పండ్లరసాల సంగతీ చూడండి. వంద మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర అని రాసి ఉంటే 200 మిల్లీలీటర్ల డబ్బాలో 22 గ్రాములు, అంటే ఐదు చెంచాల పైమాటే. విరేచనాలవుతున్న బిడ్డకు ఓఆర్‌ఎస్ అనుకుని ఇలాంటి డబ్బాల్లోని తీపి నీళ్లు పట్టిన తల్లిదండ్రులు ఎందరో. వాటితో విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఓఆర్‌ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్మడంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు పెట్టకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా కొనేముందు అట్ట మీది అక్షరాలు చదవండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఉపేక్షించకండి. కంటి కింది రెప్ప లోపల తెల్లగా పాలిపోవడం, మట్టి, సుద్దముక్కలు, పచ్చి బియ్యం తినడం, ముందుపళ్లు పుచ్చిపోవడం. మూడు నాలుగు రోజులకు గానీ విరేచనం కాకపోవడం. రెండేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి పలకకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం. లావుగా ఉన్న పిల్లల మెడ వెనక నల్లటి మందమైన చార వస్తే చాలామంది మురికనుకుని సున్నిపిండితో రుద్దుతారు. అది రుద్దితే పోయేది కాదు. డాక్టరుకు చూపించండి.

నిద్ర మాట కూడా. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఇంటిల్లిపాదీ పదకొండింటి దాకా టీవీ ముందుంటే అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ రాత్రి భోజనానికే మొదలుపెట్టండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి, ముందు మీది. పిల్లల్ని మీతో పాటు కూర్చోబెట్టి కొంచెమే వడ్డించండి, వాళ్ల చేత్తోనే తిననివ్వండి. అన్నం కింద పోస్తారు, పోయనివ్వండి. కొన్నాళ్లు ఏడుస్తారు, పేచీ పెడతారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు. దొండకాయ కూర ఇవాళ ఉమ్మేస్తే తిట్టకండి, వారం ఆగి మళ్లీ పెట్టండి. పదిసార్లు పెట్టాక తినే పిల్లలూ ఉంటారు. సాయంత్రం గంటసేపు బయట పరుగెత్తనివ్వండి.

అమ్మమ్మలూ, నానమ్మలూ, తాతయ్యలూ, తల్లి వద్దన్నది మీరు చాటుగా ఇవ్వకండి. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకూ ఒక విన్నపం. చిన్నపిల్లలున్న ఇంటికి చిప్స్ ప్యాకెట్ బదులు నాలుగు అరటిపళ్లు పట్టుకెళ్లండి.