ఆరోగ్య ప్రసంగము: శస్త్రమునకు ముందు సిరల కొలత

వాడుకలో నరములని మనము చెప్పుకొను నీలిరేఖలు నిజమునకు సిరలు. దేహమున 700 సిరలు గలవని సుశ్రుతుడు లెక్కించి, శస్త్రము తగులరానివానిని వేరుగా పేర్కొనెను. కోయుటకు ముందు సిరల నెరుగవలయునను నీతి మనకు క్రొత్తది కాదు.

చీలమండ లోపలివైపున బయలుదేరి, పిక్క, మోకాలు, తొడల మీదుగా గజ్జవరకు పోవు పెద్దసిర యొకటి చర్మము క్రిందనే యున్నది. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున, అర్జెంటీనా దేశీయుడగు ఫవలోరో అను వైద్యుడు ఈ సిరతో హృదయధమనులకు ప్రక్కదారి వేయు చికిత్సకు నాంది పలికెను. అదియే బైపాసు. కాలి రక్తములో నధికభాగము లోతుసిరల గుండనే మరలును గనుక, అవి బాగున్నచో ఈ పైసిరను తీసినను కాలు చెడదు.

అయితే అందరి సిరయు నొక్కరీతిగా నుండదు. కొందరికి సన్నము, కొందరికి వంకరలు తిరిగి యుబ్బియుండును. కోసిన పిమ్మట పనికిరాదని తెలిసినచో ఆ గాయము వ్యర్థమే గదా! దానిని తప్పించుటకే అల్ట్రాసౌండు. గర్భమందలి శిశువును చూచు పద్ధతియే యిదియు. సూది లేదు, నొప్పి లేదు. చల్లని లేపనము పూసి, పరికరమును కాలిమీద నడుపుచు సిర వెడల్పును కొలుతురు. సుమారు 3 మిల్లీమీటర్లున్న మేలు. మెల్లగా నొత్తినప్పుడు మంచిసిర యణగును. రక్తము గడ్డకట్టినది యణగదు. పిదప దాని దారిని చర్మముపై కలముతో గీయుదురు. శస్త్రమునకు ముందటి స్నానమున ఆ గీతలను సున్నిపిండితో రుద్ది పోగొట్టరాదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన దొకటి గలదు. కాన్పుల పిమ్మట కాళ్ల సిరలుబ్బినను, మనలో ననేకులు చీర కుచ్చెళ్ల మాటున దాచుకొందురు. పూర్వ మా సిరను తీయించుకొనిన సంగతిని, లేసరుతో మూయించుకొనిన సంగతిని సైతము చెప్పుటకు సిగ్గుపడుదురు. ఈ సిగ్గు తగదు. ఆ మాట ముందే తెలిసినచో వైద్యుడు రెండవకాలినో, చేతినో పరీక్షించి తగిన సిర నెన్నుకొనును. తెలియనిచో శస్త్రశాలలో వెదుకులాట తప్పదు.

ఇంట నెవరికైన బైపాసు నిశ్చయమైనప్పుడు ఖర్చెంత, దినము లెన్ని యని విచారింతుము. వానితోపాటు, “కాలిసిరలను ముందుగా చూచితిరా?” యని కూడ నడుగుదము. అడుగుట మన హక్కు; దాచక చెప్పుట మన బాధ్యత.