ఆ ఒక్క మార్కు

సంపాదకులకు,

‘ఎనభై దాటని గేమ్ కొనొద్దు’ అన్న గత సంచిక వ్యాసం చదివాను. సమీక్షకులంతా కంపెనీలకు అమ్ముడుపోయారని దుమ్మెత్తిపోసిన వ్యాసకర్త, చివరికి వాళ్లేసిన మార్కులనే పట్టుకు వేలాడటం విచిత్రం!

సమీక్షకుల మార్కులన్నీ కలిపి ఒకే మార్కు తేల్చే వెబ్‌సైట్ మెటాక్రిటిక్‌లో సినిమాకు నూటికి 61 వస్తే చాలు, బాగుందన్న పచ్చరంగు పడుతుంది. గేమ్‌కైతే 75 రావాలి. అంటే 70 తెచ్చుకున్న సినిమా బాగున్నట్టు, అదే 70 తెచ్చుకున్న గేమ్ అంతంతమాత్రమన్నట్టు. పోనీ ఆ మార్కు మామూలు సగటా అంటే కాదు. ఏ పత్రికకు ఎంత వెయిటేజీ ఇస్తారో మెటాక్రిటిక్ వాళ్లు బయటపెట్టరు. బ్రిటన్ పత్రిక ‘ఎడ్జ్’ లెక్కలో పదికి 5 అంటే మధ్యస్థం. చాలాచోట్ల 7 వేస్తేనే తిట్టినంత పని. వీటన్నిటినీ ఒకే గాటన కడితే తేలేదేమిటి?

2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’నే తీసుకోండి. మెటాక్రిటిక్‌లో 85 వస్తే ఆ గేమ్ తయారుచేసిన అబ్సిడియన్ స్టూడియోకు బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ గోవిందా! స్టూడియో సహవ్యవస్థాపకుడు క్రిస్ అవెలోన్ 2012లో చెప్పిన సంగతే ఇది. గేమ్‌లో బగ్స్ ఉన్నమాట నిజమే, కాదనను. కానీ ఆ ఒక్క మార్కు తేడాను ఏ ఆటగాడు పట్టగలడు?

ఏ మెషీన్ మీద ఆడి మార్కు వేశారన్నదీ ముఖ్యమే. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ గేమ్ విడుదలకు ముందొచ్చిన సమీక్షలు పీసీ మీద ఆడి రాసినవి. ఆ మార్కులు చూసి సోనీ ప్లేస్టేషన్ 4కు కొన్నవాళ్లు, దాని మీద గేమ్ సరిగా నడవక నెత్తీనోరూ బాదుకున్నారు. వారం రోజులకే సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసింది.

మీరు గేమ్ సమీక్ష వేసేటప్పుడు ఏ మెషీన్ మీద ఆడారో, ఎంతవరకు ఆడారో ముందు రాయించండి. మార్కుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

– ఒక పాఠకుడు, విజయవాడ