Railway Gate: గేటు తెరిచి ఉందా.. అయితే రైలు రానట్టేనా? కడలూరు చెప్పిన పాఠం ఇదీ!
గేటు ఉంది.. గేట్‌మ్యాన్ ఉన్నాడు.. అయినా స్కూల్ వ్యాన్‌ను రైలు ఢీకొట్టింది. 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు జిల్లాలో జరిగిన ఈ ప్రమాదంలో ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. కాపలా ఉన్న గేటు దగ్గర ఇలా ఎలా జరిగింది?

తెలుగువారికి ఇలాంటి వార్త కొత్త కాదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూల్ బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పదిమందికి పైగా చిన్నారులు బలయ్యారు. అక్కడ అసలు గేటే లేదు. ఆ తర్వాత బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగ్‌లన్నీ 2019 జనవరి నాటికి తొలగించారు. ఇక భయం లేదనుకున్నాం.

అసలు లోపం ఎక్కడ?

కడలూరులోది ఇంటర్‌లాకింగ్ లేని గేటు. ఇంటర్‌లాకింగ్ ఉంటే గేటు పూర్తిగా పడి లాక్ అయితేనే రైలుకు గ్రీన్ సిగ్నల్ వస్తుంది. అది లేనిచోట అంతా ఫోన్ మీదే నడుస్తుంది. స్టేషన్ మాస్టర్ చెప్పాలి, గేట్‌మ్యాన్ గేటు వేయాలి. మధ్యలో ఒక్క మనిషి పొరబడినా అడ్డుకునే మెషీన్ లేదు. అందుకే ప్రమాదం తర్వాత ఇంటర్‌లాకింగ్‌కు ట్రాఫిక్ పరిమితిని 20 వేల యూనిట్ల నుంచి 10 వేలకు తగ్గించారు. గేట్ల దగ్గర సీసీ కెమెరాలు పెట్టాలని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఆదేశించారు. మంచిదే. కానీ 10 వేల లోపున్న పల్లె గేట్ల మాటేంటి? స్కూల్ వ్యాన్లు ఆ దారుల్లోనూ తిరుగుతున్నాయి కదా!

మరి మనమేం చేస్తున్నాం?

గేటు పడుతుంటే బైక్ వంచి దూరిపోతున్నాం. మూసిన గేటు తెరిస్తే రైల్వే చట్టం సెక్షన్ 160 కింద మూడేళ్ల వరకు, విరగ్గొడితే ఐదేళ్ల వరకు జైలు. అన్నిటికంటే పెద్ద విషయం ఏంటంటే, వేగంగా వచ్చే రైలు బ్రేక్ వేసినా ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది.

ఇవి గుర్తుంచుకోండి..

* గేటు తెరిచి ఉన్నా ఒక్క క్షణం ఆగండి. అద్దం దించి, పాటలు ఆపి, రెండు వైపులా చూడండి.
* ఒక రైలు వెళ్లిందని కదలొద్దు. రెండో లైన్‌లో ఇంకోటి రావచ్చు.
* అవతల ట్రాఫిక్ జామ్ ఉంటే పట్టాల మీదకు వెళ్లొద్దు.
* బండి పట్టాలపై ఆగిపోతే ముందు మనుషులు దిగాలి. వెంటనే గేట్‌మ్యాన్‌కు చెప్పాలి.

గేటు దగ్గర పోయేది రెండు నిమిషాలే. మీ పిల్లల స్కూల్ వ్యాన్ ఏ గేటు దాటుతుందో, డ్రైవర్ అక్కడ ఆగుతున్నాడో లేదో ఇవాళే కనుక్కోండి.