సముద్రం దాటని పట్టా

మొన్న ఆదివారం చైతన్యపురి మెట్రో స్టేషను మెట్లు దిగుతూండగా మా బావగారు ఎదురయ్యారు. చేతిలో మిఠాయి పొట్లం. సంబంధం కుదిరిందని ముఖమే చెబుతోంది.

"పిల్లవాడు అమెరికాలో ఇంజనీరు. మన అమ్మాయి పిల్లల వైద్యంలో ఎం.డి. వెళ్ళగానే ఏదో ఆసుపత్రిలో చేరిపోతుంది. డాక్టరు ఎక్కడైనా డాక్టరే కదా, బావగారూ!" అన్నారు.

నిజమే కాబోలనుకుంటూ ఆయన వెంట ఇంటికి వెళ్ళాను. మా మేనకోడలు కాఫీ అందిస్తూ, "మామయ్యా, నాన్నకు మీరైనా చెప్పండి" అంది.

"ఏమని?"

"ఇక్కడ నేను చేసిన ఎం.డి. మూడేళ్ళూ అక్కడ దాదాపు లెక్కలోకి రావు. పరీక్షలు రాయాలి. ఇ.సి.ఎఫ్.ఎం.జి. వారి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. ఆ తర్వాత రెసిడెన్సీ అని మళ్ళీ మూడేళ్ళ తర్ఫీదు. ఎవరికి ఏ ఊళ్ళో సీటో ఏటా మార్చిలో తేలుస్తారు. ఆయన ఉన్న ఊళ్ళోనే నాకు వస్తుందని ఏముంది?"

బావగారి కాఫీ చల్లారిపోయింది. "పసిపిల్లల జ్వరం దేశానికో రకంగా ఉంటుందా? ఇదేం న్యాయం!" అన్నారు.

ఈ కథ కొత్తది కాదు. 1920ల తొలినాళ్ళలో బోస్టను చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివినవారే. అయినా అక్కడి ఆసుపత్రిలో దొరికింది రాత్రిపూట పోర్టరు పని. తర్వాత బోదకాలు మందు కనిపెట్టిన పరిశోధనకు సారథ్యం వహించింది ఆయనే!

అయితే అవతలివారి మాటా వినాలి. తమ ఆసుపత్రుల్లో, తమ పెద్దల కళ్ళముందు చేసిన పనినే వారు నమ్ముతారు. రోగి ప్రాణం సంగతి కదా! అమెరికా, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండుల స్పెషలిస్టు పట్టాలను మన ప్రభుత్వం 2008లో గుర్తించింది. అటునుంచి వచ్చే దారి వెడల్పయింది గాని, ఇటునుంచి వెళ్ళేది ఇరుకుగానే ఉంది. టెన్నెసీ రాష్ట్రం 2023లో, విదేశాల్లో తర్ఫీదైనవారికి రెసిడెన్సీ లేకుండానే తాత్కాలిక లైసెన్సు ఇవ్వడానికి చట్టం చేసింది. కాని స్పెషలిస్టు బోర్డు గుర్తింపు వేరే సంగతి.

"అయితే సంబంధం వద్దంటావా?" అన్నారు బావగారు నీరసంగా.

"వద్దనడం లేదు నాన్నా. నేను మళ్ళీ విద్యార్థినినై మూడేళ్ళు వేరే ఊళ్ళో ఉండవలసివస్తే ఆయనకు సమ్మతమేనా? అదొక్కటే అడగండి."

జాతకాలు చూపించడానికి నెల పట్టింది. ఈ ప్రశ్న అడగాలని మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు! డాక్టరు కూతుళ్ళున్న తండ్రులు ముహూర్తం కంటె ముందు ఇది కనుక్కోవడం మంచిది.

ఆ రాత్రే ఫోను చేశారు. అబ్బాయి కాసేపు మాట్లాడలేదట. "మంచి ప్రశ్న అడిగారు. ఆమెతోనే ఒకసారి మాట్లాడతానండీ" అన్నాడట.

మాట్లాడుకుంటున్నారు. మిఠాయి పొట్లం ఇంకా విప్పలేదు.