హెచ్‌డీఆర్ కాదు, హాలో!

వానాకాలం మొదలైతే చాలు, హైదరాబాద్ నుంచి మనోళ్ళు ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతానికి బయల్దేరతారు. సోమవారానికల్లా ఫోటోలు దిగిపోతాయి. నెమలికంఠం రంగు ఆకాశం, తారు పూసినట్టు బండలు, చెట్ల చుట్టూ తెల్లటి వెలుగు (ప్రతి టేకు చెట్టూ దేవుడైపోయినట్టు). జూమ్ చేస్తే ఒక్క ఆకూ ఆకులా ఉండదు. కింద మాత్రం "సూపర్ షార్ప్ మామా!"

అది షార్ప్‌నెస్ కాదు మహాప్రభో! అంచుల దగ్గర కాంట్రాస్టు పెంచితే కంటికి కలిగే భ్రమ. ఫోటోలో పడని వివరాన్ని ఏ స్లైడరూ తెచ్చిపెట్టలేదు.

అడిగితే "లెన్స్ మార్చాలన్నా" అంటారు. లెన్స్ పాపం ఏం చేసింది? మూడు ఎక్స్‌పోజర్లు చేత్తో తీసి, అవి సరిగ్గా అతకకుండానే కలిపేస్తే ఏమొస్తుంది? కాన్‌ఫ్లిక్టులు చూడకుండా మెర్జ్ కొట్టేవాణ్ణి ఆఫీసులో ఏమంటామో తెలుసుగా!

పైగా కడెం వాగు అక్కడ సుమారు 45 మీటర్లు దూకుతుంది. నీళ్ళు, తుంపర, ఊగే కొమ్మలు ఏవీ మూడు షాట్లలో ఒకేచోట ఉండవు. ట్రైపాడ్ కెమెరాని ఆపుతుంది గానీ ఆకుని ఆపదు కదా. అక్కడ బేస్ ఐఎస్ఓలో ఒక్క రా ఫైలు తీయండి. నీటి తెలుపు కాలిపోకుండా కాస్త తక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి, నీడల్ని తర్వాత పైకి లాగండి. ఇవాళ్టి సెన్సర్లకి అది చాలు.

హెచ్‌డీఆర్ కావాల్సిన చోటు కరీంనగర్ పక్కనే ఉంది, మానేరు ఒడ్డున ఎలగందుల కోట. దర్వాజా లోపల చీకటి, బయట మండే ఎండ. రాయి కదలదు. ట్రైపాడ్ వేసి, ఎఫ్/8 పెట్టి, ఫోకస్ ఒక్కసారి చేసి మాన్యువల్‌కి మార్చండి. లేకపోతే షాటుకో చోట వెతుక్కుంటుంది. షట్టర్ వేగం తప్ప ఏదీ ముట్టుకోవద్దు, అపర్చర్ మారితే ఫోకస్ లోతు కూడా మారుతుంది. బటన్ నొక్కే వణుకు తగలకుండా రెండు సెకన్ల టైమర్. స్టెబిలైజేషన్ ఆపేయండి, కొన్ని లెన్సులు ట్రైపాడ్ మీద లేని వణుకుని సరిదిద్దబోయి బొమ్మని చెడగొడతాయి.

"ఫోనులో ఒక్క నొక్కుతో వస్తోందిగా?" అనేవాళ్ళు 2016లో గూగుల్ వాళ్ళు ప్రచురించిన హెచ్‌డీఆర్ ప్లస్ పేపర్ చదవండి. తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరసగా ఫ్రేములు తీసి, ముక్కముక్కా అలైన్ చేసి, అతకనివాటిని దాదాపు కలపకుండా వదిలేస్తుంది. ఫోనుకున్న ఆ శ్రద్ధ లక్ష రూపాయల కెమెరా మోసే ఇంజనీరుకి ఉండొద్దా?

కుంటాల నీళ్ళు వచ్చే వానాకాలం మళ్ళీ దూకుతాయి. ఎలగందులలో గోడ కూలితే మళ్ళీ లేవదు. అప్పుడు మన ఫోటోలే దిక్కు. వాటిలో రాతి చెక్కడం ఏదో, సాఫ్ట్‌వేర్ గీసిన గీత ఏదో ఎవడు చెప్పగలడు?