ఇల్లు చూపిస్తాం, ఇరుగుపొరుగును ఏరిపెట్టం

అమెరికాలో తెలుగువారికి, తెలుగువారితోపాటు మా ఆఫీసు గుమ్మం తొక్కిన ప్రతివారికీ ఇళ్ళు చూపించి, బేరం కుదిర్చి, తాళాలు చేతికిచ్చే వృత్తి మాది. ఫ్రిస్కోలో ఉన్నా, ఎడిసన్‌లో ఉన్నా, కమ్మింగ్‌లో ఉన్నా, ఫ్రీమాంట్‌లో ఉన్నా మా చేతిలో ఉన్న అధికారం ఒకటే: ఎవరి కంటికి ఏ ఇల్లు ఆనాలి, ఏది ఆనకూడదు అన్నది. చూడటానికి అది చిన్న అధికారమే. కానీ ఈ దేశాన్ని వీధి వీధిగా రంగులవారీగా విడగొట్టిన చేతుల్లో ఏజెంటు చెయ్యి కూడా ఒకటి.

ఆ పాత పద్ధతి మీద మళ్ళీ విచారణ జరపబోవడం లేదు. ఎవరు వచ్చి చేరితే వీధిలో ఇళ్ళ ధరలు పడిపోతాయని తోస్తుందో, ఆ జాతివారిని, ఆ దేశంవారిని అక్కడికి తీసుకురావడానికి ఏజెంటు తోడ్పడకూడదని 1924లో ఇక్కడి రియల్టర్ల జాతీయ సంఘం తన నీతి నియమావళిలోనే రాసుకుంది. 2020లో ఆ సంఘం అధ్యక్షుడు గతానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. తీర్పు వచ్చేసింది. ఆ తీర్పు తర్వాత ఏం కట్టుకోవాలన్నదే మా ముందున్న పని. మా విశ్వాసాలు ఇవి.

1. ఫెయిర్ హౌసింగ్ చట్టం మన చరిత్రలో భాగం. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 11న, ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే ఆ చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టాడు. నల్లజాతి ప్రజలు దశాబ్దాల తరబడి చేసిన పోరాటానికి వచ్చిన ఫలం అది. దాని నీడలో మనం ఇళ్ళు కట్టుకున్నాం. అంతకు ముందు మనకూ ఈ తలుపులు మూసే ఉండేవి. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనరాదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. భారతీయులకు ఆ అర్హత లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ తీర్పుతో పౌరసత్వం పోగొట్టుకున్నవారిలో వైష్ణోదాస్ బగాయ్ ఒకరు. అంతకు ముందే ఆయన కుటుంబం బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామానుతో వెళ్తే, లోపల అడుగు పెట్టకుండా ఇరుగుపొరుగు తాళాలు వేశారు. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఇప్పుడు అదే బర్కిలీలో ఒక వీధికి ఆయన భార్య కళా బగాయ్ పేరు ఉంది. 1965 నాటి వలస చట్టం మనకు ఈ దేశపు సరిహద్దు తెరిచింది, 1968 చట్టం వీధి తెరిచింది. తాళం వేయించుకున్నవారి వారసులం మనం. మన చేత్తో ఇంకొకరి మీద తాళం పడటం మాకు సమ్మతం కాదు.

2. ఎంపిక కొనేవారిది, దాన్ని వారికంటే ముందు మేం చెయ్యం. మా వృత్తిలో దాదాపు ప్రతి సంభాషణా ఒక చోటికి వచ్చి ఆగుతుంది: "ఏవండీ, మనవాళ్ళు ఎక్కువున్న కమ్యూనిటీ ఏదో చూసి చెప్పండి." అడిగేవారిలో చెడు లేదు. కొత్త ఊరు, చిన్న పిల్లలు, పండక్కి పలకరించే మనిషి కావాలన్న ఆశ. ఆ ఆశను గౌరవిస్తాం. కానీ జవాబు మా నోటినుంచి వచ్చిన క్షణాన మేం ఇళ్ళను పక్కన పెట్టి మనుషులను ఏరడం మొదలుపెట్టినట్టే. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం 1968లోనే చట్టంలోకి ఎక్కాయి. 1974లో లింగం, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబం వచ్చి చేరాయి. ఈ ఏడింటిలో దేని ఆధారంగానూ కొనేవారిని ఒక వీధివైపు నడిపించడం గానీ, ఒక వీధినుంచి మళ్ళించడం గానీ కుదరదు. మా వృత్తిలో దీన్ని స్టీరింగ్ అంటారు. కొనేవారే కోరారన్నది ఏజెంటుకు రక్షణ కాదు.

అందుకని మా జవాబు ఇలా ఉంటుంది: "అది నేను చెప్పకూడదండీ. మీ బడ్జెట్, ఎన్ని గదులు, ఆఫీసుకు ఎంత దూరం ఉండాలో చెప్పండి. సరిపోయిన ప్రతి ఇల్లూ చూపిస్తాను. సాయంత్రం పూట ఆ వీధుల్లో మీరే ఒకసారి నడిచి చూడండి." తూర్పు ముఖం, ఈశాన్యంలో పూజకు జాగా, అమ్మానాన్నలు వస్తే మెట్లెక్కకుండా కిందే పడకగది లాంటివి ఇంటి లక్షణాలు. ఎన్నాళ్ళయినా వెతికిపెడతాం. గుడికి ఎంత దూరమో అడిగితే మ్యాపులో చూపిస్తాం. మీ పేరు చూసి, గుడి దగ్గరుంటేనే మీకు నచ్చుతుందని మేం ఊహించం. "స్కూలు మంచిదేనా", "ఏరియా సేఫేనా" అన్న ప్రశ్నల వెనక కొన్నిసార్లు వేరే ప్రశ్న దాక్కుని ఉంటుందని అందరికీ తెలుసు. స్కూలు లెక్కలు రాష్ట్ర విద్యాశాఖ దగ్గర, నేరాల లెక్కలు పోలీసుల దగ్గర ఉంటాయి. ఎక్కడ చూడాలో చెప్పి, మా అభిప్రాయం మా దగ్గరే ఉంచుకుంటాం.

3. సమానత్వం ఆఫీసు కాగితాల్లో కనబడాలి. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో న్యూస్‌డే పత్రిక జంటలు జంటలుగా పరీక్షకులను ఏజెంట్ల దగ్గరికి పంపి, 2019లో ఫలితాలు అచ్చువేసింది. ఆర్థిక స్థితి ఒకటే, అడిగిన ఇల్లు ఒకటే, మనుషుల రంగే వేరు. నల్లజాతి పరీక్షకులకు 49 శాతం సార్లు, హిస్పానిక్‌లకు 39 శాతం, ఆసియా వారికి 19 శాతం సార్లు అసమాన వ్యవహారం ఎదురైనట్టు తేలింది. ఆసియా వారంటే మనమూ లెక్కలోకి వస్తాం. కొందరికి ప్రీ-అప్రూవల్ (బ్యాంకు ముందస్తు రుణ ఆమోదం) లేనిదే ఇల్లు చూపించబోమన్నారు, కొందరిని అడగనే లేదు. వివక్షకు తిట్లు అక్కర్లేదు, ఆ ఒక్క తేడా చాలు. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రం 2022 నుంచి, గుర్తింపు కార్డు, ప్రీ-అప్రూవల్, ఒప్పందం ఎవరినుంచి ఎప్పుడు అడుగుతారో ప్రతి బ్రోకరూ రాసి బయటపెట్టాలని నియమం చేసింది. మా రాష్ట్రంలో ఆ నియమం ఉన్నా లేకున్నా మేం పాటిస్తాం. అందరినీ అడుగుతాం, లేదా ఎవరినీ అడగం. ఏ తేదీన, ఎవరికి, ఏ ఇళ్ళు పంపామో రాసి దాచుకుంటాం. 2024 ఆగస్టు నుంచి రియల్టర్ల జాతీయ సంఘపు ఏజెంట్లు ఇల్లు చూపించేముందే కొనేవారితో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాల్సి వస్తోంది. దానితోపాటే ఈ ప్రణాళిక ప్రతిని కూడా చేతికిస్తాం.

4. ప్రకటన ఇంటి గురించే మాట్లాడాలి. "ఇండియన్ ఫ్యామిలీస్‌కు ప్రిఫరెన్స్", "అంతా మన తెలుగువాళ్ళే" అని వాట్సాప్ గ్రూపులో పెట్టినా చట్టం దృష్టిలో ప్రకటనే. తెలుగులో రాస్తే ఎవరూ చదవరన్న ధీమా మానుకుందాం. (అలాగని మాస్టర్ బెడ్‌రూమ్ అనే మాటకు కూడా బెదరక్కర్లేదు, అది తప్పు కాదని 1995లోనే కేంద్ర గృహనిర్మాణ శాఖ స్పష్టం చేసింది.) తానుండే ఇంట్లో గది అద్దెకిచ్చే యజమానికి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చినా, ప్రకటన మాటలకు ఆ వెసులుబాటు లేదు.

5. సముద్రం దాటించి తెచ్చుకున్న వివక్షను ఇక్కడే దించేద్దాం. ఫెడరల్ చట్టంలో కులం అన్న మాట లేదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో ఆ మాట రాసింది. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో, రుణాల్లో కుల వివక్ష కూడదని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశాడు. వాదనలు నడుస్తూనే ఉంటాయి. మేం మాత్రం వేచి ఉండం. "మీ ఇంటిపేరేమిటి, మీదే ఊరు" అని కూపీ లాగే అలవాటు ఎవరికి తెలియదు? కాగితాలకు అవసరమైనప్పుడు తప్ప ఇంటిపేరు అడగం. అమ్మేవారు తెలుగువారై, కొనేవారి కులం కనుక్కుని చెప్పమంటే, చెప్పం. ఈ విషయంలో చట్టంకంటే ఒక అడుగు ముందుండటం మా బాధ్యత అనుకుంటున్నాం.

6. కమిషన్ పోతే పోనిద్దాం. "వాళ్ళకు మాత్రం అమ్మొద్దు" అన్న యజమాని లిస్టింగ్ ఎంత పెద్దదైనా వదిలేస్తాం. ఆఫర్‌తోపాటు కుటుంబం ఫొటో, దేవుడి పటం, పిల్లల పేర్లతో అమ్మేవారికి ఉత్తరం రాయొద్దని మా కొనుగోలుదారులకు ముందే చెబుతాం. అలాంటి ఉత్తరాల మీద ఆరెగాన్ రాష్ట్రం తెచ్చిన నిషేధాన్ని 2022లో ఫెడరల్ కోర్టు ఆపేసింది. కోర్టు ఆపింది నిషేధాన్ని. ఉత్తరం చదివి మనిషిని ఎంచుకునే అమ్మకందారు ఎదుర్కోబోయే వివక్ష కేసు ప్రమాదం మాత్రం అలాగే ఉంది.

మేం కోరుకునే రేపు ఎలా ఉంటుందంటే, జీతం, అవసరం ఒకటైన ఇద్దరు ఒకే రోజు ఒకే ఏజెంటు దగ్గరికి వెళ్తే, ఇద్దరి ఫోన్లలోకీ ఒకే జాబితా వస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చినావిడకు "మెట్లున్నాయి, మీకు కష్టం" అని ఎవరూ ముందే తీర్పు చెప్పరు. మెట్లున్నాయని చెప్పి ఊరుకుంటారు, నిర్ణయం ఆవిడది. ముగ్గురు పిల్లలున్న తల్లిని కాండో చూడకుండా ఎవరూ దారి మళ్ళించరు. ఒక వీధిలో తెలుగువారు పది ఇళ్ళలో ఉంటే, అది పది కుటుంబాలు విడివిడిగా చేసుకున్న ఎంపిక అవుతుంది, ఏజెంటు నాటిన తోట కాదు. పక్కింటి నల్లజాతి కుటుంబం కూడా ఆ వీధినే ఎంచుకుంది, ఎందుకంటే వాళ్ళకూ అదే ఇల్లు చూపించాం. సంక్రాంతి ముగ్గు చూసి వాళ్ళు పలకరిస్తారో లేదో మా చేతిలో లేదు. ఎదురుపడే అవకాశాన్ని మేం ముందే తుంచెయ్యకుండా ఉండటం మా చేతిలో ఉంది.

లైసెన్సు చేతిలో ఉన్న మిత్రులారా, ఈ ఆరింటికీ సమ్మతమైతే మీ ఆఫీసు గోడమీద మీ పద్ధతులు రాసిపెట్టి మాతో కలవండి. ఇల్లు కొనబోతున్నవారికి ఒక మాట: మీకు చూపించని ఇళ్ళ గురించి మమ్మల్ని నిలదీయండి. జాబితా ఎలా తయారైందో అడగండి. జవాబు తిన్నగా రాకపోతే కేంద్ర గృహనిర్మాణ శాఖకు ఏడాదిలోపు ఫిర్యాదు చెయ్యొచ్చు, రెండేళ్ళలోపు కోర్టుకు వెళ్ళొచ్చు. ఆ ఫిర్యాదు మాలో ఒకరి మీదైనా సరే, వెనకాడొద్దు.