కాఫీ పడితేనే కదలికా?

పొద్దున్నే కాఫీ పడితే గానీ కడుపు కదలదనేవారు చాలా ఇళ్లలో కనిపిస్తారు. రెండు మూడు కప్పులు తాగామంటే ఆ రోజు మలబద్ధకమేననేవారూ ఉంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఆయుర్వేదం లెక్కలో ఇద్దరిదీ నిజమే!

చరక, సుశ్రుత సంహితల్లో కాఫీ ఊసే లేదు. అది మన నేలకు చేరింది తర్వాతెప్పుడో. అందుకే ఆయుర్వేద వైద్యులు రుచి, గుణాలను బట్టి దాన్ని అంచనా వేస్తారు. కాఫీకి వేడిచేసే గుణం, చురుకుదనం ఉన్నాయి. ఇవి జఠరాగ్నిని రాజేసి పేగులను కదిలిస్తాయి. చేదు, వగరు, పొడిబార్చే గుణం మాత్రం వాతాన్ని పెంచుతాయి. మలాన్ని కిందికి పంపేది అపాన వాయువు. అది అదుపు తప్పి పేగుల్లో జిడ్డు తగ్గితే మలం గట్టిపడుతుంది. పుట్టుకతోనే వాత తత్వం, 'క్రూర కోష్ఠం' ఉన్నవారికి ఈ ఇబ్బంది ఎక్కువ.

ఆధునిక వైద్యం కూడా మొదటి మాటను ఒప్పుకుంటుంది. 1990లో 'గట్' వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 99 మందిని అడిగితే, 29 శాతం మంది కాఫీ తాగగానే విరేచనానికి వెళ్లాలనిపిస్తుందన్నారు. అలాంటివారిలో 4 నిమిషాలకే పెద్దపేగు చివర కదలికలు పెరిగాయి. కెఫీన్ తీసేసిన కాఫీతోనూ అంతే! అయితే మితంగా తాగితే ఒంట్లో నీరు ఎండిపోతుందన్న భయం అక్కర్లేదు. అసలు చిక్కల్లా కాఫీతో ఆకలి చంపుకొని టిఫిన్, మంచినీళ్లు మానేయడంతోనే.

ముల్లుగర్రతో పొడిస్తే ఎద్దు కదులుతుంది. దానికి బలమిచ్చేది మాత్రం గడ్డీ, కుడితీ. పేగులకైనా అంతే.

ఇలా చేసి చూడండి

* లేవగానే గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగి, రోజూ ఒకే వేళకు మరుగుదొడ్డికి వెళ్లండి. వేగం వచ్చినప్పుడు ఆపుకోవద్దన్నది ఆయుర్వేదం గట్టిగా చెప్పే మాట.

* బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు, పప్పులో చెంచాడు నెయ్యి రోజూ ఉండాలి.

* భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. లేకపోతే ఇనుము సరిగా ఒంటపట్టదు. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదనీ చెప్పింది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది.

* ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి రావచ్చు. వారానికో కప్పు చొప్పున తగ్గించండి.

* త్రిఫల చూర్ణం వాడాలనుకుంటే వైద్యుణ్ని అడగండి. గర్భిణులు సొంతంగా వాడకూడదు.

మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, పెద్ద వయసులో విరేచనం తీరు ఉన్నట్టుండి మారినా కాఫీ మీద నెపం పెట్టి ఊరుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.